నల్ల కారు కడిగే సామాను: దేనికి డబ్బు పెట్టాలి, దేన్ని పక్కన పెట్టాలి

ముదురు రంగు కారు మీద గీతలు షాంపూ వల్ల పడవు, నీళ్ళ వల్లా పడవు. గుడ్డకీ పెయింటుకీ మధ్య ఇసుక రేణువు ఇరుక్కుంటే పడతాయి. మహీంద్రా నాపోలి బ్లాక్ అయినా, హ్యుందాయ్ అబిస్ బ్లాక్ అయినా, మారుతి పెర్ల్ మిడ్‌నైట్ బ్లాక్ అయినా సంగతి ఇదే. అందుకే ఇక్కడ ప్రతి వస్తువునీ ఒకే ప్రశ్నతో చూశాం: ఇది రేణువును పెయింటు మీంచి ఎత్తుకుపోతుందా, లేక పట్టుకుని ఈడుస్తుందా? ఆ లెక్కన ముందు డబ్బు పెట్టాల్సినవి రెండే: చేతికి తొడుక్కుని కడిగే మిట్టు, తడి తీసే టవలు. ఎక్కువ ప్రచారం ఉండే ఫోమ్ గన్ను (షాంపూను నురగగా చిమ్మే గన్ను), రంగురంగుల షాంపూ ఆ తర్వాతే.

కంపెనీ పెయింటు మందం అన్ని పొరలూ కలిపి సుమారు 100 నుంచి 140 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అందులో పైనుండే పారదర్శకమైన క్లియర్ కోట్ 40, 50 మైక్రాన్లకు మించదు. కడిగేటప్పుడు పడే సన్న గీతలన్నీ ఈ పొరలోనే ఉంటాయి. గీత అంచు వెలుతురును చెదరగొట్టి తెల్లగా కనిపిస్తుంది. తెల్ల కారు మీద ఆ తెలుపు కలిసిపోతుంది, నలుపు మీద బయటపడుతుంది. రాత్రిపూట సెల్లార్‌లో ఫోన్ టార్చి వేసి బానెట్‌ను చూడండి. వెలుగు చుక్క చుట్టూ సాలెగూడులా గుండ్రటి గీతలు కనిపిస్తాయి. నిజానికి అవి గుండ్రంగా లేవు. అన్ని దిక్కులా ఉన్న గీతల్లో వెలుతురుకు అడ్డంగా ఉన్నవే మెరుస్తాయి కాబట్టి అలా కనబడతాయి. టార్చిని పక్కకు జరిపితే గూడు కూడా దాని వెంటే జరుగుతుంది. పాలిష్ చేయిస్తే పోతాయి గానీ, పాలిష్ అంటే క్లియర్ కోట్‌ను కొంత అరగదీయడమే. ఏటా అరగదీయించేంత మందం ఆ పొరకు లేదు.

పొడి తుడుపు, అన్నిటికన్నా పెద్ద శత్రువు

మన ఊళ్ళలో కారు మీద పడే దుమ్ములో గ్రానైటు పొడి, కట్టడాల ఇసుక, సిమెంటు ఉంటాయి. ఇసుకలోని క్వార్ట్జ్ క్లియర్ కోట్ కన్నా చాలా గట్టిది. తెల్లారుజామున అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఒక చిన్న బకెట్టు, ఒకే గుడ్డతో పది కార్లు తుడిచే పద్ధతిలో మూడో కారు దగ్గరికే ఆ నీళ్ళు బురద రంగులోకి వస్తాయి. నాలుగో కారుకు ఆ గుడ్డ గరుకు కాగితంతో సమానం. సిగ్నళ్ళ దగ్గర అమ్మే మైనం పూసిన దూది డస్టర్లు, ఈకల కుంచెలు కూడా అంతే. దుమ్ము సన్నగా, పొడిగా ఉందనుకుని చేసే తుడుపే ఎక్కువ గీతలు తెస్తుంది, ఎందుకంటే అక్కడ రేణువు జారడానికి తడి లేదు. కారుకు దుమ్ము పట్టి ఉంటే అలాగే వదిలేయండి. నాలుగు రోజుల దుమ్ముతో పెయింటుకు ఏమీ కాదు.

కారు తుడిచే మనిషి నెల జీతం మీద వస్తుంటే రోజూ తుడవొద్దని చెప్పి, అదే జీతానికి వారానికి ఒక్కసారి మీ మిట్టు, మీ బకెట్లతో కడగమనండి. మిగతా రోజుల్లో అద్దాలు, లోపలి మ్యాట్లు చాలు. ఇందులో అతనికి నష్టం లేదు, కారుకు లాభం ఉంది.

ప్రెషర్ వాషరూ ఫోమ్ గన్నూ

ఇంటి వాడకానికి వచ్చే 100 నుంచి 130 బార్ ఒత్తిడి ఇచ్చే మెషీన్లు ఏ కంపెనీవైనా ఈ పనికి సరిపోతాయి. చూడాల్సింది నాజిల్. 25 లేదా 40 డిగ్రీల విసనకర్ర ధార కావాలి. సూదిలా కొట్టే ధార గానీ, తిరిగే టర్బో ధార గానీ పెయింటు మీద వద్దు. 30, 40 సెంటీమీటర్ల దూరం పాటించాలి. రాయి తగిలి పెయింటు పెచ్చు లేచిన చోట ఇంకా దూరంగా ఉండాలి, లేకపోతే ఆ పెచ్చు అంచు పట్టుకుని ధార ఇంకాస్త లేపుతుంది. పై నుంచి కిందికి కడగాలి. చక్రాల లోపలి గుంతలు, తలుపుల కింది అంచులు, బంపర్ మూలలు వదలొద్దు. ఎర్రమట్టి ముద్దలు దాక్కునేది అక్కడే, తర్వాత మిట్టుకు అంటుకునేదీ అక్కడే.

ఫోమ్ గన్ను కొన్నవాళ్ళు ఎక్కువగా చెప్పే ఫిర్యాదు, నురగ పల్చగా నీళ్ళలా కారిపోతోందని. చాలాసార్లు తప్పు షాంపూది కాదు. గన్ను లోపల ఉండే చిన్న ఇత్తడి రంధ్రం 1.25 మి.మీ. ఉంటుంది. నిమిషానికి ఆరేడు లీటర్లు మాత్రమే ఇచ్చే ఇంటి మెషీన్‌కు అది పెద్దదవుతుంది. 1.1 మి.మీ. రంధ్రం విడిగా దొరుకుతుంది, అది మారిస్తే నురగ చిక్కబడుతుంది. లోపలి స్టీలు జాలీకి బోరు నీళ్ళ సున్నం పట్టినా నురగ పడిపోతుంది. జాలీని వెనిగర్‌లో గంట నానబెట్టి జాడిస్తే మళ్ళీ పనిచేస్తుంది. ఒక లీటరు సీసాలో 80 నుంచి 100 మి.లీ. షాంపూ, మిగతా నీళ్ళు. కారంతా పట్టించి అయిదు నిమిషాలు ఉంచి, ఎండిపోకముందే కడిగేయాలి. నురగ చేసే పని మట్టిని నానబెట్టడం వరకే. కొట్టి కడిగేస్తే శుభ్రమైపోతుందన్న మాట నమ్మొద్దు. పెయింటుకు అతుక్కుపోయిన పల్చటి దుమ్ము తెర చేత్తో తాకితే తప్ప పోదు. ఫోమ్ గన్ను లేకపోయినా, పైపు నీళ్ళతో రెండుసార్లు నిదానంగా తడిపితే పని నడుస్తుంది. దీనికి మేమిచ్చే స్థానం: ఉంటే మంచిదే, మొదటి కొనుగోలు మాత్రం కాదు.

బకెట్లు

ఖాళీ అయిన 20 లీటర్ల పెయింటు బకెట్లు రెండు చాలు. లోపల ఎండిన పెయింటు పెచ్చులు గోరుతో గీకినా రానంత శుభ్రంగా ఉండాలి. ఒకదాంట్లో షాంపూ నీళ్ళు, రెండోదాంట్లో ఉత్త నీళ్ళు. రెంటి అడుగునా గ్రిట్ గార్డ్ అనే ప్లాస్టిక్ జల్లెడ. మిట్టును దానికేసి రుద్దితే ఇసుక కిందికి దిగుతుంది, జల్లెడ కింది రెక్కలు నీళ్ళను కలకనివ్వవు కాబట్టి మళ్ళీ పైకి లేవదు. కొనేముందు బకెట్టు అడుగు వ్యాసం టేపుతో కొలవండి. వదులుగా ఉన్న గార్డ్ పక్కకు ఒరిగి ఇసుకను పైకి తోస్తుంది, అప్పుడది ఉన్నా లేనట్టే. చక్రాలకు మూడో బకెట్టు, వేరే మిట్టు ఉండాల్సిందే. బ్రేక్ ప్యాడ్ల నుంచి రాలే ఇనుప పొడి పెయింటు మిట్టులోకి రాకూడదు.

మిట్టు

స్పాంజి వద్దు. దాని ముఖం చదునుగా ఉంటుంది, రేణువు లోపలికి పోయే దారి లేక పైనే నిలిచి గీస్తుంది. సేమ్యాల్లా వేలాడే షెనీల్ మిట్టు తక్కువ ధరకు దొరుకుతుంది, మట్టిని బాగా లాక్కుంటుంది. కానీ లాక్కున్నదాన్ని సులువుగా వదలదు. ఆ వేళ్ళ మొదట్లో ఇసుక చిక్కుకుంటుంది, ఎంత జాడించినా చేత్తో తడిమితే గరగరలాడుతుంది. పొట్టి పోగుల మైక్రోఫైబర్ మిట్టు దీనికన్నా మేలు, నల్ల కారుకు మేం సూచించేది ఇదే. గొర్రెబొచ్చు మిట్టు మెత్తదనంలో అన్నిటికన్నా పైన ఉంటుంది, కానీ మన ఉక్కలో సరిగా ఆరక వాసన పట్టి బొచ్చు రాలిపోతుంది. కోస్తాలో ఉండేవాళ్ళకు అది డబ్బు దండగే.

మిట్టు కన్నా కూడా మంచి పద్ధతి ఒకటుంది. ఎనిమిది నుంచి పది 40×40 సెంటీమీటర్ల మైక్రోఫైబర్ గుడ్డలు షాంపూ బకెట్టులో వేసుకుని, ఒక్కో ప్యానెల్‌కు ఒక్కోటి తీయడం. నాలుగు మడతలు పెడితే ఎనిమిది ముఖాలు వస్తాయి. ముఖం మాసితే తిప్పాలి, అన్నీ మాసితే పక్కన పడేయాలి, మళ్ళీ బకెట్టులో ముంచకూడదు. ఇలా చేస్తే ఉత్త నీళ్ళ బకెట్టు అవసరమే ఉండదు. తర్వాత ఉతకాల్సిన గుడ్డలు పెరుగుతాయి, ఇబ్బంది అదొక్కటే.

చేతి బరువు కూడా వేయకుండా, సరళ రేఖలో కదపాలి. గుండ్రంగా తిప్పితే ఏ కోణం నుంచి వెలుతురు పడినా కనిపించే గీతలు పడతాయి. రూఫ్, అద్దాలు, బానెట్, డిక్కీ, తలుపుల పైభాగం, చివరగా తలుపుల కింది మూడో వంతు, బంపర్లు. ఈ వరుస తప్పొద్దు. తలుపు మధ్యలో ఉండే గీత కింద నుంచి మట్టి ఎన్నో రెట్లు ఎక్కువ.

షాంపూ గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. పీహెచ్ తటస్థంగా ఉన్న, అంటే ఆమ్లమూ క్షారమూ కాని ఏ కార్ షాంపూ అయినా సరే. మెగ్వయర్స్ గోల్డ్ క్లాస్ కొలత గ్యాలన్‌కు ఔన్సు, అంటే సుమారు 4 లీటర్లకు 30 మి.లీ. పది లీటర్ల బకెట్టుకు 75 మి.లీ. చాలు. ఎక్కువ పోస్తే శుభ్రత పెరగదు, కడగడానికి నీళ్ళు మాత్రం ఎక్కువ పడతాయి. బట్టల పౌడరు వద్దు, కరగని పలుకులు మిట్టులో ఉండిపోతాయి. గిన్నెల లిక్విడ్ మైనాన్ని ఒలిచేస్తుంది. తలకు వాడే షాంపూ సాచెట్లలోని కండిషనర్ నలుపు మీద జిడ్డు చారలు వదులుతుంది. నల్ల ప్లాస్టిక్ మెరవాలని కిరోసిన్, డీజిల్ పూసే అలవాటు కూడా మానాలి. రబ్బరు పాడవుతుంది, దుమ్ము ఇంకా బాగా అంటుకుంటుంది.

టవలు: అసలు గెలుపోటములు ఇక్కడే

కడగడం బాగానే చేసి ఆరబెట్టడంలో పాడుచేసుకునేవాళ్ళే ఎక్కువ. కడిగాక కూడా ఎక్కడో కాస్త మట్టి మిగులుతుంది. షాంపూ జారుడు అప్పటికి పోయి ఉంటుంది. అందుకే పొడి గుడ్డ పెట్టి రుద్దిన క్షణం ఎక్కువ ప్రమాదం.

గొట్టంలో పెట్టి అమ్మే పసుప్పచ్చ పీవీఏ చామోయిస్ నీళ్ళు బాగానే పీలుస్తుంది. కానీ దానికి పోగుల్లేవు, స్పాంజికున్న లోపమే దీనికీ ఉంది. సిలికాన్ వాటర్ బ్లేడు మరీ ప్రమాదకరం, దాని అంచు కింద ఒక్క రేణువు చిక్కితే మూరెడు పొడవున ఒకే గీత. పాత బనియన్లు, లుంగీ ముక్కలు ఇంజిన్ గదికి పనికొస్తాయి. పెయింటుకు వద్దు.

కావాల్సింది ట్విస్టెడ్ లూప్ అల్లిక ఉన్న మైక్రోఫైబర్ టవలు. వేలితో చూస్తే సన్నటి మెలిపెట్టిన తాళ్ళు పక్కపక్కన పేర్చినట్టు ఉంటుంది. ఆ మెలికల మధ్యకు నీళ్ళూ రేణువూ రెండూ దిగిపోతాయి. కొనేటప్పుడు చూడాల్సినవి:

జీఎస్‌ఎం, అంటే చదరపు మీటరుకు గ్రాముల బరువు. 1000 నుంచి 1400 మధ్య ఉంటే మంచిది. 400 టవలు తడి తుడవగలదు గానీ సగం రూఫ్‌కే నిండిపోతుంది.

పాలిమైడ్ శాతం. మైక్రోఫైబర్‌లో పాలియెస్టర్, పాలిమైడ్ కలిసి ఉంటాయి. ఆ పాళ్ళు 80:20 ఉన్నదాని కన్నా 70:30 ఉన్నది ఎక్కువ పీలుస్తుంది, కాస్త మెత్తగానూ ఉంటుంది. చీటీ మీద శాతం రాయని టవలు కొనొద్దు.

అంచు. గట్టి నైలాన్ దారంతో కుట్టిన అంచు గీస్తుంది. మెత్తటి మైక్రోఫైబర్ పట్టీ ఉన్నా, అంచు కుట్టే లేకపోయినా మంచిదే. బ్రాండ్ ట్యాగ్ కుట్టి ఉంటే బ్లేడుతో దారం తెంపి తీసేయండి, కత్తెరతో కత్తిరిస్తే మిగిలిన మొదలు ఇంకా గరుకు.

కొలత. 50×80 సెంటీమీటర్లది ఒకటి హ్యాచ్‌బ్యాక్‌కు చాలు. ఎస్‌యూవీకి అలాంటివి రెండు తీసుకోండి. 70×90 పెద్ద టవలు తడిశాక బాగా బరువెక్కుతుంది, రూఫ్ మీంచి లాగేటప్పుడు కొస నేలకు తగిలే అవకాశం ఎక్కువ. ఒకసారి నేలకు తగిలిన టవలు ఉతికేదాకా పెయింటు మీదికి రాకూడదు.

మెత్తదనం మీద అనుమానం ఉంటే పనికిరాని సీడీ ఒకటి తీసుకుని, మెరిసే వైపు టవలు ముఖంతోనూ, అంచుతోనూ, కుట్టుతోనూ గట్టిగా పదిసార్లు రుద్దండి. టార్చి కింద సన్న గీతలు కనిపిస్తే ఆ టవలు అద్దాలకు మాత్రమే.

వాడే పద్ధతి. ముందు పైపు చివర నాజిల్ తీసేసి, ఒత్తిడి లేని నీళ్ళను రూఫ్ నుంచి పరదాలా జారనివ్వండి. మైనమో సెరామిక్ పూతో ఉన్న పెయింటు మీద చాలావరకు నీళ్ళు తమంతట తామే దిగిపోతాయి. తర్వాత ప్యానెల్‌కు రెండు పిచికారీలు క్విక్ డీటైలర్ (పెయింటు మీద కొట్టి తుడిచే స్ప్రే) గానీ, పల్చటి రిన్స్‌లెస్ (తర్వాత నీళ్ళతో కడగనక్కర్లేని) ద్రావణం గానీ కొడితే మళ్ళీ జారుడు వస్తుంది. టవలును రెండు మూలలు పట్టుకుని బానెట్ మీద పూర్తిగా పరిచి, నొక్కకుండా మీ వైపు మెల్లగా లాగండి. రుద్దొద్దు. నిలువు తలుపుల మీద మడిచి అద్దుతూ పోవాలి. అద్దం కేసింగ్, తలుపు పిడి, టెయిల్ ల్యాంపు సందు, నంబరు ప్లేటు వెనక నీళ్ళు పది నిమిషాల తర్వాత కారతాయి. చిన్న బ్లోయర్ ఉంటే ముందే ఊదేయొచ్చు. తాకకుండా ఆరబెట్టేది అదొక్కటే కాబట్టి, బడ్జెట్ ఉంటే మిట్టు, టవలు తర్వాతి కొనుగోలుగా బ్లోయర్‌నే ఎంచుకోవచ్చు. నేల మీది దుమ్ము లేపేలా కిందికి మాత్రం ఊదొద్దు.

తలుపుల మధ్య ఉండే నిగనిగల నల్ల ప్లాస్టిక్ పట్టీలు పెయింటు కన్నా తేలిగ్గా గీసుకుంటాయి. వాటికి టవలులో ఇంకా వాడని ముఖాన్ని మిగుల్చుకోండి.

టవలు పాడయ్యేది ఎక్కువగా ఉతుకులోనే. కొత్తది వాడేముందు ఒకసారి విడిగా ఉతకాలి, ఊడే పోగులు, రంగు పోతాయి. కంఫర్ట్ లాంటి ఫ్యాబ్రిక్ కండిషనర్ ఎప్పుడూ వేయొద్దు, అది పోగుల మీద పూతలా పట్టి, టవలు నీళ్ళు పీల్చడం మాని పూయడం మొదలెడుతుంది. నూలు బట్టలతో కలిపి ఉతికితే వాటి నూగంతా దీనికి అంటుకుంటుంది. లిక్విడ్ డిటర్జెంట్, 40 డిగ్రీల లోపు నీళ్ళు, గాలికి నీడలో ఆరబెట్టడం. డ్రయర్ వేడికి పోగుల కొసలు గట్టిపడతాయి. మేడ మీద దండేనికి ఆరేస్తే దుమ్ము పట్టకముందే తీసి, జిప్ కవర్లో పెట్టేయండి.

నీళ్ళు

బోరు నీళ్ళతో కడిగిన నల్ల కారు మీద అరగంటలో తెల్ల చుక్కలు వస్తాయి. నీళ్ళు ఆవిరై కాల్షియం, మెగ్నీషియం లవణాలు మిగులుతాయి. ఎండలో మండుతున్న బానెట్ మీద అవి క్లియర్ కోట్‌ను కొరికి గుంత చేస్తాయి, అప్పుడు తుడిచినా పోవు. అందుకే చేతి వెనక భాగం ఆనిస్తే చల్లగా తగిలినప్పుడే కడగాలి, మన ఎండలకు ఉదయం ఏడు లోపే. చివరి పది లీటర్లు మాత్రం తక్కువ లవణాల నీళ్ళు పోస్తే తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఏసీ పైపు నుంచి కారే నీళ్ళలో లవణాలు దాదాపు ఉండవు. విశాఖ, విజయవాడ లాంటి ఉక్క ఊళ్ళలో ఒక్క రాత్రికే చిన్న బకెట్టు నిండుతుంది. గుడ్డలో వడకట్టి మొక్కల క్యాన్‌తో పోయండి. ఆర్‌ఓ మెషీన్ వదిలేసే వృథా నీళ్ళను కారుకు దాచేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ నీళ్ళలో లవణాలు మామూలు కన్నా ఎక్కువ. మొదటి మట్టి తడుపుకు, చక్రాలకు వాడండి, చివర్లో వద్దు. తాజా చుక్కలకు తెల్ల వెనిగర్, నీళ్ళు సమానంగా కలిపి తడిపి, నిమిషం ఆగి కడిగేయాలి.

నీళ్ళే లేని చోట రిన్స్‌లెస్ పద్ధతి ఉంది. 2024 మార్చిలో బెంగళూరు జలమండలి తాగునీళ్ళతో కారు కడిగితే 5,000 రూపాయల జరిమానా అంది. అలాంటి వేసవుల్లో ఆప్టిమమ్ నో రిన్స్ లాంటి ద్రావణం నిజంగా ఆదుకుంటుంది. కొలత 1:256, అయిదు లీటర్లకు 20 మి.లీ. అదే కొలతలో పంపు స్ప్రేయర్‌తో ముందు ప్యానెల్‌ను తడిపి రెండు నిమిషాలు నాననివ్వాలి, తర్వాత పైన చెప్పిన ఎక్కువ గుడ్డల పద్ధతి. రోజువారీ దుమ్ముకు చక్కగా పనిచేస్తుంది. వానాకాలం బురదకు, పొలం గట్టు మట్టికి పనికిరాదు, అక్కడ ధార నీళ్ళు తప్పవు. మామూలు షాంపూను ఇలా కడగకుండా వాడితే చారలు మిగులుతాయి, రెండూ ఒకటి కాదు.

దసరా ఆయుధ పూజకు బానెట్ మీద పెట్టే పసుపు, కుంకుమ, గంధం ఎండాక వేలితో గీకితే ఆ పలుకులే గీస్తాయి. పూజ అయిన సాయంత్రమే తడి మైక్రోఫైబర్ గుడ్డ అయిదు నిమిషాలు పరిచి ఉంచి, మెత్తబడ్డాక ఎత్తేయండి. హైవే మీద రాత్రి ప్రయాణంలో బంపర్‌కు అంటుకున్న పురుగులకూ ఇదే చిట్కా.

బయట కడిగించేటప్పుడు

సర్వీసు సెంటర్లో ఫ్రీ వాష్ అన్నా నల్ల కారుకు వద్దని జాబ్ కార్డు మీద రాయించండి. ఫోమ్ వాష్ షాపులో ధర కన్నా ముందు చూడాల్సింది బకెట్టు అడుగు, గుడ్డ ఎక్కడ పెడుతున్నారన్నది. గుడ్డ నేల మీదో, బైకు సీటు మీదో ఉంటే వెనక్కి వచ్చేయండి. సెరామిక్ కోటింగ్ 9హెచ్ కాబట్టి గీతలు పడవని ఎవరైనా చెబితే, ఆ 9హెచ్ పెన్సిల్ గట్టిదనపు కొలత, ఇసుకకు అది లెక్క కాదు. కోటింగ్ వల్ల మట్టి తేలిగ్గా వదులుతుంది, మంచి లాభమే, కానీ కడిగే పద్ధతి మారదు.

ఇప్పటికే గూడు గీతలు ఉండి పాలిష్ చేయిస్తుంటే, పని అయ్యాక ఒక ప్యానెల్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీళ్ళు కలిపిన ద్రావణంతో తుడిచి, మీ ముందే టార్చి వేయమనండి. గీతల్ని నింపి కప్పే గ్లేజ్ పూసి ఉంటే ఆ తుడుపుకు చాలావరకు పోయి గీతలు మళ్ళీ తేలతాయి. డబ్బు ఇచ్చేది ఆ తర్వాతే.